బల్ల మీది యుద్ధానికి మన రాతి ఇల్లు

అంగుళం ఎత్తు సైనికుల బొమ్మలను బల్ల మీద నిలబెట్టి, టేపుతో దూరం కొలిచి, పాచికలు వేసి ఆడే యుద్ధక్రీడలో ఇంటికున్న విలువ కొత్తగా చూసేవాళ్లకు వెంటనే తెలియదు. రంగులు వేసిన సైన్యాల మీదే కళ్లు ఆగిపోతాయి. ఆట మొదలయ్యాక అసలు సంగతి బయటపడుతుంది. గోడ చాటున ఉన్న బొమ్మకు తూటా తగిలే అవకాశం తగ్గుతుంది. ఇంటి మూల తిరిగితే తప్ప ఎదుటి దళం కనబడదు. కిటికీ ఎటు ఉంటే తుపాకీ అటే పేలుతుంది. ఇల్లు ఎవరి చేతిలో ఉంటే వీధి వాళ్లదే. నాలుగడుగుల బల్ల మీద మూడు రాతి ఇండ్లు ఎక్కడెక్కడ పెట్టారన్నది చాలాసార్లు సైన్యాల బలాబలాల కన్నా ఎక్కువగా గెలుపోటములను తేలుస్తుంది.

అందువల్లే చిన్న రాతి ఇల్లు కట్టడం ఈ క్రీడలో ఒక ప్రత్యేక విద్యగా ఎదిగింది. దాని మీద పుస్తకాలున్నాయి, అచ్చులు అమ్మే సంస్థలున్నాయి, గంటలకొద్దీ వీడియోలున్నాయి. అయితే అవన్నీ నేర్పే ఇల్లు దాదాపు ఒక్కటే. బూడిదరంగు రాళ్ల గోడ, మందంగా కత్తిరించిన గడ్డి కప్పు, పక్కన పొగగొట్టం. ఇంగ్లండు, స్కాట్లాండు, ఫ్రాన్సు పల్లెల ఇల్లది. జగిత్యాల వైపు రాయికల్‌లోనో కోరుట్లలోనో ఒక కుర్రవాడు ఈ ఆట నేర్చుకొని మొదటి ఇల్లు కడితే అదీ పొగగొట్టం ఇల్లే అవుతుంది, నేర్పినవాళ్లు చూపింది అదే కనుక. బురుజులున్న ఊళ్లలో కూర్చొని పొగగొట్టాలు చెక్కడం నాకు బాధ కలిగిస్తుంది. మన గోడ, మన కప్పు ఈ ఆటకు సరిపోతాయా, దేనితో కట్టాలి, ఎంత కొలతలో కట్టాలి, ఏ యుద్ధం కోసం కట్టాలి అన్న ప్రశ్నలను కలిపి చూడాల్సిన అవసరం ఉంది.

ఆ పొగగొట్టం ఇల్లు ప్రపంచమంతటికీ నమూనా ఎలా అయింది? 1812లో లియోపోల్డ్ ఫాన్ రైస్‌విట్జ్ అనే ప్రష్యా అధికారి తన రాజు మూడో ఫ్రెడరిక్ విలియంకు ఒక ఆటబల్ల సమర్పించాడు. ప్లాస్టర్‌తో పోసి రంగులు వేసిన పలకలను ఎలా కావాలంటే అలా పేర్చుకొని కొండలు, నదులు, ఊళ్లు అమర్చుకునే బల్ల అది. 1824లో ఆయన కొడుకు ఆ ఆటను సైనికాధికారుల శిక్షణకు పనికొచ్చేలా మార్చినప్పుడు పలకలు పోయి, వాటి చోటికి 1:8000 కొలత పటం వచ్చింది. అధికారులకు కచ్చితమైన దూరాలు కావాలి, అందమైన ఊరు అక్కర్లేదు. పటం మీద ఇల్లు చిన్న నల్ల గుర్తుగా మిగిలింది. దాన్ని తిరిగి గోడలున్న ఇల్లుగా నిలబెట్టింది రచయిత హెచ్.జి. వెల్స్. 1913లో వచ్చిన ‘లిటిల్ వార్స్’లో ఆయన పిల్లల సీసపు సైనికులను, స్ప్రింగు ఫిరంగులను, చెక్కదిమ్మలతో కట్టిన ఇండ్లను నేల మీదికి దింపి, పెద్దవాళ్లు ఆడదగ్గ ఆటగా నియమాలు రాశాడు. నిజం యుద్ధం కన్నా ఈ బొమ్మల యుద్ధం ఎంతో మేలని అందులో గట్టిగా వాదించాడు. మరుసటి ఏడే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది.

1962లో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ ‘వార్ గేమ్స్’ పుస్తకం, 1975లో గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ, 1983లో వార్‌హామర్ ఆట వచ్చాయి. 1999లో వచ్చిన మోర్డ్‌హైమ్ ఆటైతే శిథిల నగరంలో చిన్న ముఠాల పోరు. అక్కడ కూలిన ఇండ్లు లేకపోతే ఆటే లేదు. ఈ వరుసలో ఎక్కువ భాగం బ్రిటన్‌లో జరిగింది. వాళ్లు తమ పల్లెలను చూసి కట్టారు, తమ చరిత్రలోని యుద్ధాలకు కట్టారు, అందులో తప్పేమీ లేదు. భారతదేశం పేరుతో అమ్మే ఇండ్లు మాత్రం చాలావరకు వాయవ్య సరిహద్దు మట్టి ఇండ్లే, వలస పాలకులు అక్కడ చేసిన యుద్ధాల కోసం తయారైనవి. దక్కను పీఠభూమి అనే ఒక ప్రాంతం, అక్కడ రాతిని పేర్చే ఒక పద్ధతి ఉన్నాయని ఆ సరుకు చూస్తే ఎవరికీ తెలియదు.

చిన్న ఇండ్లు చేయడం మనకు కొత్తేమీ కాదు. అమరావతి శిల్పులు సుమారు రెండు వేల ఏండ్ల కింద స్తూపం చుట్టూ నిలిపిన సున్నపురాతి ఫలకాల మీద ఆ స్తూపాన్నే చిన్నదిగా చెక్కారు. నగర ద్వారాలు, కమాను కిటికీల మేడలు, గడ్డికప్పు కుటీరాలు వాటిలో కనిపిస్తాయి. ఆనాటి కర్ర కట్టడాలు ఎలా ఉండేవో ఇవాళ మనకు తెలిసిందంటే చాలావరకు ఆ చిన్న రూపాల వల్లే. ఇటు చూస్తే జొన్న సొప్ప బెండుతో ఎడ్లబండి చేయని పల్లె పిల్లలు ఒకప్పుడు లేరు. ఇసుకలో, మట్టిలో బొమ్మరిండ్లు కట్టని ఆడపిల్లలూ లేరు. గుడి అరుగుల బండల మీద పులిజూదం గీతలు ఇంకా ఉన్నాయి. మేకలు గుంపు కట్టి పులిని ఎలా బంధించాలో చెప్పే ఆ ఆటలో చాటు లేదు, గోడ లేదు, కాని వ్యూహం ఉంది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం బొమ్మల విభాగంలో విదేశీ బొమ్మ సైనికుల పటాలాలు కొలువు తీరి ఉంటాయి. సైనికులు మన దాకా వచ్చారు గాని వాళ్లు పోరాడే ఊరు రాలేదు.

చేతి నైపుణ్యానికీ ఈ ప్రాంతంలో కొదవ లేదు. సిరిసిల్లలో నల్ల పరంధాములు, ఆయన తర్వాత కొడుకు విజయ్ అగ్గిపెట్టెలో పట్టే చీర నేశారు. కరీంనగర్ వెండి తీగ పనిలో వెంట్రుకంత తీగను పువ్వుగా మడుస్తారు. గోదావరి దాటితే నిర్మల్. అక్కడ తేలికైన పొనికి కర్రతో బొమ్మలు చేసి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకులు పూడ్చి నునుపు చేస్తారు. అటు కొండపల్లిలోనూ ఇదే కర్ర, ఇదే తరహా ముద్ద. ఇండ్లు, బావులు, ఎడ్లబండ్లతో పల్లెలకు పల్లెలే అక్కడ తయారవుతాయి. కొండపల్లి పల్లెలో ఇల్లు చూడ్డానికి బాగుంటుంది గాని యుద్ధపు బల్లకు సరిపోదు. మనిషి, ఇల్లు, చెట్టు ఒక్క కొలతలో ఉండవు, అలా ఉండాలని ఆ కళ కోరుకోదు కూడా.

కొలతకు కట్టుబడి మన నేలను చిన్నదిగా చేసిన పనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ నాగార్జునకొండ. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ ఆనకట్టకు పునాదిరాయి పడేనాటికే లోయలో తవ్వకాలు మొదలయ్యాయి. ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు శాఖ ఏండ్ల తరబడి తవ్వి ఇక్ష్వాకుల విజయపురిని బయటికి తీసింది. నీళ్లు వచ్చేలోగా తొమ్మిది కట్టడాలను రాయి రాయిగా విప్పి పైకి తరలించారు. తరలించలేని మరికొన్నింటికి చిన్న నమూనాలు కట్టారు. మ్యూజియంలో లోయ మొత్తానికి ఒక నమూనా ఉంది. దాని ముందు నిలబడి, ఇక్కడ స్నానఘట్టం, అక్కడ రంగస్థలం, ఆ మలుపులో విహారం అని వేలుపెట్టి చూపవచ్చు. అది ఆట కోసం చేసింది కాదు. అయినా బల్ల మీద నేలను పరిచేవాళ్లు నేర్చుకోవాల్సిన మొదటి సంగతి దానిలో ఉంది. ముందు నేల, తర్వాత నీటి దారి, ఆ రెంటినీ బట్టి ఇల్లు. మనవాళ్లు చేసే నమూనాల్లో చాలావాటికి ఇల్లు ముందు తయారై నేల తర్వాత వస్తుంది. అందుకే ఆ ఇండ్లు ఏ వాలు మీదా కుదురుగా నిలబడినట్టు అనిపించవు.

మన రాతి ఇల్లు ఎలా ఉంటుంది? ఇక్కడ తొందరపడి జవాబు చెప్పకూడదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పాత ఊళ్లలో సామాన్యుడి ఇల్లు పూర్తి రాతిది కాదు. పునాది రాయి, నేల నుంచి మోకాలెత్తు దాకానో నడుమెత్తు దాకానో రాయి, ఆపైన మట్టిగోడ. వానజల్లు కొట్టే ఎత్తు వరకే రాయి పెట్టేవారు. రెండడుగుల మందం గోడ. ఆ మందం వల్లే ఎండాకాలం ఇంట్లో చల్లగా ఉండేది. పైన గూనపెంకలు, కుమ్మరి సారె మీద పొడుగు గొట్టంలా లాగి నిలువునా రెండుగా కోసి కాల్చినవి. పేదవాడి ఇంటికి తాటికమ్మలో గడ్డో. ముందు అరుగులు, వాటికి జాజు పూత, దాని మీద సున్నపు గీతలు, గడపకు పసుపు. రాతిపని నిండుగా కనిపించేది పశువుల దొడ్డి గోడలో, బావి ఒరల్లో, చెరువు కట్ట లోపలి వైపు పరిచిన రాళ్లలో, దొరల గడీ ప్రహరీలో, బురుజులో.

బురుజును వదిలి ఈ ప్రాంతపు యుద్ధరంగం కట్టడమంటే అర్థం లేదు. దారి దోపిడీ ముఠాలు, పిండారీలు ఊళ్ల మీద పడే కాలంలో ఊరి కాపలా కోసం కట్టిన గుండ్రని గోపురం అది. కింద వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం. అడుగున పెద్ద బండరాళ్లు, పైకి చిన్న రాళ్లు, ఒక్కోచోట ఆపైన మట్టి లేదా ఇటుక. పై వరసలో తుపాకీ పెట్టడానికి రంధ్రాలు. లోపలో పక్కనో మెట్లు. రాళ్ల సందుల్లో చిన్న పలుకురాళ్లు దోపి మట్టి అడుసుతో నింపుతారు. ఈ దోపుడే దక్కను గోడకు గుర్తు. ఇంగ్లండు ఇల్లు చెక్కేవాళ్లు రాళ్లను దాదాపు ఒకే పరిమాణంలో గీసి మధ్యలో సమానమైన సున్నపు గీత వదులుతారు. మన గోడలో తలకాయంత రాయి పక్కన పిడికెడంత రాయి, రెంటి మధ్య వేలంత పలుకు. మూలల్లో మాత్రం పొడుగు రాళ్లు ఒక వరస ఇటు, ఒక వరస అటు పెట్టి బిగిస్తారు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే చాలు, నమూనా చూసినవాడు అది ఏ ప్రాంతపు గోడో పోల్చుకుంటాడు.

మరో గుర్తు గుండ్లు. తెలంగాణలో కొండ అంటే చాలాచోట్ల ఒకదాని మీద ఒకటి నిలిచిన గుండ్ల రాశి. కోటగోడ కట్టేవాళ్లు రెండు గుండ్ల మధ్య సందును మాత్రమే పూడ్చి మిగతా పని ప్రకృతికి వదిలేశారు. పల్లెలోనూ ఇంటి వెనుక గోడ పెద్ద గుండే అయిన ఇండ్లుంటాయి. ఆటకు ఇంతకన్నా మంచి రంగం దొరకదు. గుండు ఎక్కిన విలుకాడికి ఊరంతా కనబడుతుంది, దాని నీడలో దాక్కున్న దళం ఎవరికీ కనబడదు.

తెలుగు నేల అంతా ఇలాగే ఉండదు. తాండూరు వైపు నాపబండలే గోడలు, నాపబండలే కప్పు. రాయలసీమలో రాతిగోడల మీద దూలాలు పరిచి, పైన చవుడు మట్టి తొక్కిన మిద్దెలు. యుద్ధక్రీడకు పనికొచ్చే ఇల్లు మన దగ్గర ఒక్కటి ఎంచమంటే నేను సీమ మిద్దెనే ఎంచుతాను. పెంకల వాలు మీద బొమ్మ నిలబడదు, జారిపోతుంది. మిద్దె మీద పది బొమ్మలు నిలబడతాయి, పిట్టగోడ చాటు దొరుకుతుంది, మిద్దె నుంచి మిద్దెకు దూకవచ్చు. కట్టడమూ సులువే. కొత్తవాళ్లు దానితో మొదలుపెట్టి, చేయి కుదిరాక పెంకుటింటికి రావడం మంచిది. ఇంకా సులువైనవి కావాలంటే ములుగు జిల్లా దామరవాయి గుట్ట మీది ఇనుపయుగపు సమాధులున్నాయి. జనం వాటిని రాక్షసగుళ్లు అంటారు. నిలబెట్టిన బండలు, పైన ఒక పెద్ద కప్పుబండ, అంతే. పాత కాలపు భయాన్ని బల్ల మీదికి తేవడానికి అయిదు పలకలు చాలు.

ఇక కొలత. ఎక్కువమంది వాడే బొమ్మ 28 మిల్లీమీటర్లది, సుమారు 1:56 లెక్క. ఒక అడుగు బల్ల మీద 5.4 మిల్లీమీటర్లు అవుతుంది. రెండడుగుల గోడ 11 మిల్లీమీటర్లు. విదేశీ నమూనాల్లో 5 మిల్లీమీటర్ల గోడలు చూసి అలాగే చేస్తే మన ఇంటి బరువు పోతుంది, అట్టపెట్టెలా కనిపిస్తుంది. 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు ఇల్లు సుమారు 11 సెంటీమీటర్లు, 8 సెంటీమీటర్లు. 40 అడుగుల బురుజు 22 సెంటీమీటర్లు. చిక్కంతా వాకిలి దగ్గర వస్తుంది. పాత ఇండ్ల వాకిళ్లు పొట్టివి, తల వంచి లోపలికి పోవాల్సినవి. అయిదడుగుల వాకిలి లెక్క ప్రకారం 27 మిల్లీమీటర్లే. బొమ్మేమో రెండు మూడు మిల్లీమీటర్ల దిమ్మ మీద నిలబడి ఉంటుంది. నిజం కొలత పాటిస్తే సైనికుడి తల ద్వారబంధానికి తగులుతుంది. వాకిలిని పెంచితే ఇల్లు కోమటింటి మాళిగలా అవుతుంది. దీనికి నాకు సరైనదిగా తోచిన మార్గం గడప పక్కన అరుగును రెండు మిల్లీమీటర్లు పెంచి, వాకిలిని 31 దగ్గర ఆపడం. అరుగు మీద నిలబడ్డ బొమ్మకు వాకిలి పొట్టిగానే కనిపిస్తుంది, నేల మీదున్న బొమ్మ లోపలికి పోగలిగినట్టూ ఉంటుంది.

15 మిల్లీమీటర్ల బొమ్మలతో ఆడేవాళ్లకు ఈ బాధ తక్కువ. వాళ్లకు ఒక ఇల్లు ఒక వాడకు గుర్తు. పెద్ద సేనల ఆటలో నేల కొలత వేరు, బొమ్మ కొలత వేరు. నాలుగు ఇండ్లు పెడితే ఊరు. ఇంటి లోపలి వివరాలు అక్కడ శ్రమ దండగే.

సామగ్రి విషయంలో అందరికీ ముందు తట్టేది నిజమైన రాయి. కరీంనగర్ గ్రానైటు దేశదేశాలకు పోతుంది. క్వారీ దగ్గర చిప్స్‌కు కొదవ ఉండదు. 6 ఎం.ఎం. చిప్స్ తెచ్చి సిమెంటుతో పేరిస్తే సరిపోదా? సరిపోదు. రాయిని ముక్క చేయవచ్చు గాని దాని లోపలి గింజను చిన్నది చేయలేం. ఇక్కడి టాన్ బ్రౌన్ గ్రానైటులో గోధుమ ఎరుపు ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలు పెద్దవి. 6 మిల్లీమీటర్ల ముక్కలో ఒక్కోసారి ఒకే స్ఫటికం ఉంటుంది. అది బండరాయిలా కాక గాజు పెంకులా మెరుస్తుంది. బరువూ తక్కువేమీ కాదు. పైన చెప్పిన ఇంటికి నాలుగు గోడలు 4.5 సెంటీమీటర్ల ఎత్తున రాతితో కడితే అర కిలో. అదే గోడలు ఎక్స్‌పీఎస్ అనే గట్టి నురుగు పలకతో చేస్తే ఆరేడు గ్రాములు. ఊరంతా సంచిలో పెట్టుకొని మిత్రుడి ఇంటికి పోవాల్సిన ఆటలో ఈ తేడా చిన్నది కాదు. నిజమైన రాయిని గుండ్లకు, కూలిన గోడ కింద రాళ్లకుప్పకు వాడుకోవచ్చు, అదీ వాగు ఇసుకలో దొరికే, గింజ కనిపించని నల్లటి గులకలను ఏరుకొని.

రెండో దారి ప్లాస్టర్. అచ్చులో చిన్న చిన్న ఇటుకలు, రాళ్లు పోసి వాటితో నిజం మేస్త్రీలా గోడ పేర్చడం. అమెరికాలో బ్రూస్ హర్స్ట్ రూపొందించిన హర్స్ట్ ఆర్ట్స్ రబ్బరు అచ్చులు ఈ పద్ధతికి పేరుపడ్డాయి. చూడ్డానికి గట్టిగా, చల్లగా, నిజం గోడలా ఉంటుంది. అయితే ఆ అచ్చుల్లో వచ్చేవి యూరపు కోటల చదరపు రాళ్లు. వాటిని ఎంత తిప్పి పేర్చినా బురుజు కాదు.

మూడోదే ఇవాళ ఎక్కువమంది దారి, నురుగు పలక. ఎక్స్‌పీఎస్ పలక మీద పెన్సిలుతో రాళ్ల గీతలు నొక్కి, అల్యూమినియం రేకు కాగితాన్ని ఉండ చుట్టి దాని మీద దొర్లిస్తే గరుకు రాతి పోలిక వస్తుంది. ఇక్కడ మన పద్ధతికి చిన్న మార్పు చేయాలి. ముందు పెద్ద రాళ్లను చెదురుగా గీయాలి, తర్వాత మధ్య రాళ్లు, చివర సందుల్లో పలుకులు. వరసగా ఎడమ నుంచి కుడికి గీసుకుంటూ పోతే మళ్లీ ఇంగ్లండు గోడే తేలుతుంది. గడీ, కోటల గోడల్లో పెద్ద చెక్కుడు రాళ్ల అంచున వడ్డెరలు రాయి చీల్చడానికి కొట్టిన గుంటల వరస కనిపిస్తుంది. ఆ గుంటలను సూది మొనతో ఒక వరసగా గుచ్చితే ఆ పనివాళ్ల చేయి బల్ల మీద కూడా ఉంటుంది.

చిన్న పట్టణాల్లో ఎక్స్‌పీఎస్ సులువుగా దొరకదు, మేడ మీద వేడి ఆపడానికి పరిచేవాళ్ల దగ్గర తప్ప. పెండ్లి మండపాలు అలంకరించేవాళ్ల దగ్గర దొరికే థర్మాకోల్ పూసలు పూసలుగా రాలుతుంది, గీత నిలవదు. దాన్ని లోపలి దిమ్మగా మాత్రమే వాడి, పైన చింతగింజల జిగురు, రంపపు పొట్టు, కొంచెం సుద్ద కలిపిన ముద్దను రెండు మిల్లీమీటర్లు పట్టించి, అది ఆరకముందే రాళ్లు గీయవచ్చు. నిర్మల్ పనివాళ్ల ముద్ద ఈ పనికి ఎంత బాగా కుదురుతుందో చెప్పడానికి నాకు సంతోషంగా ఉంది. ఆరాక పగలదు, ఉప్పుకాగితంతో రుద్దితే మాట వింటుంది, మట్టిగోడ గరుకుదనం దానంతటదే వస్తుంది. పురుగు పట్టకుండా ముద్దలో కొంచెం మైలుతుత్తం కలపాలి, చేతులు కడుక్కోవాలి. ఫ్లెక్సీ దుకాణాల్లో దొరికే సన్‌బోర్డు కూడా తలుపులకు, దూలాలకు బాగుంటుంది. దాన్ని వేడి తీగతో మాత్రం కోయొద్దు, విషవాయువు వస్తుంది. థర్మాకోల్‌నైనా కిటికీలు తెరిచి కోయాలి. స్ప్రే రంగు నేరుగా కొడితే థర్మాకోల్ కరిగి గుంటలు పడుతుంది కాబట్టి ముందు ఫెవికాల్‌లో నల్లరంగు కలిపి పూత వేయాలి.

త్రీడీ ప్రింటరు గురించి రెండు మాటలు చాలు. యంత్రం ఏ రాయినైనా పోస్తుంది, కాని ఎవరో గీసిన రాయినే పోస్తుంది. మన బురుజును కొలిచి గీసినవాళ్లు లేనంతకాలం అది పొగగొట్టం ఇండ్లనే ఇంకా వేగంగా మన ఇంటికి తెస్తుంది.

కప్పు దగ్గర చాలామంది ఓడిపోతారు. గూనపెంక బల్ల కొలతలో నాలుగు మిల్లీమీటర్ల పొడవుకు మించదు, వెడల్పు రెండు. ఒక్కొక్కటి చేసి అతికించేంత ఓపిక ఎవరికీ అక్కర్లేదు. సన్న ముడతల అట్ట తీసుకొని, పైపొరను తడిపి ఊడదీసి, లోపలి ముడతలను అయిదు మిల్లీమీటర్ల పట్టీలుగా కోసి, కింది నుంచి పైకి ఒకదాని మీద ఒకటి మిల్లీమీటరు ఎక్కేలా అతికిస్తే పెంకల వరసలు తేలతాయి. ముడతల అట్టను కోయకుండా మొత్తంగా కప్పితే రేకుల షెడ్డు అవుతుంది. కప్పు తిన్నని గీతలా ఉండకూడదు, దూలం మధ్యలో కొంచెం కుంగినట్టు ఉండాలి. కాలాన్ని గమనించాలి. మనం బెంగుళూరు పెంకులని పిలిచే చదును పెంకులు 1865లో బాసెల్ మిషన్ మంగుళూరులో కర్మాగారం పెట్టాక వచ్చినవి. 18వ శతాబ్దపు యుద్ధం ఆడుతూ వాటిని కప్పడం, సైనికుడి చేతికి గడియారం కట్టినంత తప్పు. తాటికమ్మల కప్పుకు ఖర్జూరపు ఆకు ఈనె గాని, కొబ్బరి పీచు గాని వాడవచ్చు. ఇంగ్లండు గడ్డికప్పులా అడుగు మందం చేయకూడదు, మన కప్పు పలుచన.

రంగుల విషయంలో నియమం ఒక్కటే, బూడిదరంగు సీసాను పక్కన పెట్టాలి. ఇక్కడి రాయి గులాబీ ఛాయ ఉన్న గోధుమ రంగు. వాన కారిన చోట నల్లటి చారలు, నీడ వైపు పచ్చటి పాకుడు. ముదురు గోధుమతో మొదలుపెట్టి, ఆరిన కుంచెతో లేత ఇటుకరంగు రుద్ది, రాళ్లలో కొన్నింటికి మాత్రమే విడిగా బూడిద, పసుపు ఛాయలు ఇస్తే గోడకు ప్రాణం వస్తుంది. మట్టిగోడకు ఎర్రమట్టి, అడుగున పిడచ కట్టిన బురద మరక. అరుగుకు జాజు. గడపకు మిల్లీమీటరు పసుపు గీత, దాని మీద మూడు కుంకుమ చుక్కలు. ఈ చివరిదానికి అర నిమిషం పడుతుంది, చూసేవాళ్లు అందరికన్నా ముందు దాన్నే చూస్తారు. నేల చెలక అయితే ఎర్రటి మొరం, రేగడి అయితే నల్లది, పగుళ్లతో. చెట్టు అంటే గుబురు ఓక్ చెట్టు కాదు. తాడి, ఈత, వేప, తుమ్మ. తాడిచెట్టు చాటు ఇవ్వదు కాబట్టి ఆట నియమం కూడా దానితో మారుతుంది, మన పొలాల్లో దాక్కోవడం కష్టం.

ఇంతా చేసి ఏ యుద్ధం ఆడాలి? దగ్గర్లోనే ఉన్నాయి. హనుమకొండ వేయిస్తంభాల గుడి 1163 నాటి శాసనం కాకతి రుద్రదేవుడు ఓడించినవాళ్ల పేర్లు చెబుతుంది. వాళ్లలో పొలవాస మేడరాజు ఒకడు. ఆ పొలవాస జగిత్యాల పక్కనున్న నేటి పొలాస. తుపాకీ లేని కాలం, బాణాలు, ఏనుగులు, గడ్డికప్పులకు నిప్పు. అక్కడ రాతిగోడ కన్నా ముళ్లకంప, మట్టిగోడ ముఖ్యం. 1310 నాటి ఓరుగల్లు ముట్టడి చెప్పేదీ ఇదే. మట్టికోట గోడ మీద పడ్డ రాతిగుండ్లు ఎగిరిపడేవని, బల్లెం దిగేది కాదని అమీర్ ఖుస్రో రాశాడు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు కొట్టిన బొబ్బిలి కోట కూడా మట్టిదే. రాతికి ఇచ్చే రక్షణ అంకెను మట్టిగోడకు తగ్గించే నియమాలు మన యుద్ధాలకు అచ్చంగా వర్తించవు, వాటిని మార్చుకోవాలి.

ఫిరంగుల కాలానికి జగిత్యాల కోట ఉంది. 1747 నాటిదని చెప్పే ఈ కోట నక్షత్రం ఆకారంలో, ఫ్రెంచి ఇంజినీర్ల పద్ధతిలో, చుట్టూ కందకంతో కట్టింది. ప్రతి కొమ్ము పక్క కొమ్ము ముఖాన్ని కాపాడుతుంది, ఎక్కడ నిచ్చెన వేసినా రెండు వైపుల నుంచి దెబ్బ తగులుతుంది. దాన్ని 1:56లో పూర్తిగా కడితే గది చాలదు. ఒక కొమ్ము, కొంత గోడ, కందకంలో ఒక ముక్క కడితే ముట్టడి మొత్తం అందులో ఆడవచ్చు. కందకం కోసం బల్లను తొలచలేం కాబట్టి మిగతా నేలనంతా రెండు అంగుళాలు ఎత్తాలి. బల్ల అమర్చడానికి ఇది పెద్ద శ్రమే, పడదగిన శ్రమ.

గడీ సంగతి వేరు. 1978 సెప్టెంబరు 7న దొరతనానికి ఎదురుగా సాగిన జగిత్యాల జైత్రయాత్రలో నడిచినవాళ్లు, వాళ్ల పిల్లలు ఇంకా ఈ ఊళ్లలోనే ఉన్నారు. దొరతనాన్ని ఎదిరించినవాళ్ల చావుబతుకులను పాచికల మీద పెట్టడానికి నేను ఒప్పుకోను. గడీ నమూనా మాత్రం కట్టాలి, ప్రతి మెట్టు, ప్రతి వాకిలి కొలతతో. అది ఆటబల్లకు కాదు, బడికి. వెట్టికి వచ్చినవాళ్లు ఎక్కడ నిలబడేవారో, దొర ఎక్కడ కూర్చునేవాడో, ఆ రెంటి మధ్య ఎత్తు ఎంతో పిల్లలు వేలుపెట్టి కొలిచి చూసేలా.

కొలవడం ఇప్పుడే మొదలవ్వాలి. మిడ్‌మానేరు జలాశయం కింద కొదురుపాక, చింతలఠాణా, నీలోజిపల్లి, వరదవెల్లి వంటి ఊళ్ల పాత ఇండ్లు పోయాయి. ఎల్లంపల్లి నీళ్లు కోటిలింగాల శాతవాహన దిబ్బ అంచులను తాకాయి. మునగని ఊళ్లలో కాంక్రీటు వస్తోంది, బురుజు రాళ్లు కొత్త పునాదుల్లోకి పోతున్నాయి. బల్ల మీద ఆడే కుర్రవాళ్లు తమ ఊరి బురుజు దగ్గరికి టేపుతో వెళ్లి కింది చుట్టుకొలత, పై చుట్టుకొలత, ఎత్తు, రంధ్రాల మధ్య దూరం రాసుకొని, నాలుగు వైపులా ఫొటోలు తీస్తే వాళ్ల ఆటకు నమూనా దొరుకుతుంది, ఊరికి రికార్డు దొరుకుతుంది. ఎత్తు అందకపోతే పక్కన తెలిసిన పొడవు కర్ర నిలబెట్టి ఫొటో తీసి లెక్కకట్టవచ్చు.

అచ్చు పోసే చేతులు కోరుట్లలోనే ఉన్నాయి. వినాయక విగ్రహాల తయారీకి ఆ పట్టణం పేరుపడ్డది. అచ్చు తీయడం, కొబ్బరి పీచు కలిపి ప్లాస్టర్ పోయడం, అతుకు కనబడకుండా చేయడం అక్కడి పనివాళ్లకు నిత్యం చేసే పని, చవితి అయ్యాక నెలలు ఖాళీ. మొదటి అచ్చుగా 22 సెంటీమీటర్ల బురుజును అడగాలి, మూడు ముక్కలుగా. అడుగు ముక్క పెద్ద రాళ్లది, నడిమిది చిన్న రాళ్లది, పైది రంధ్రాల వరస. నడిమిదాన్ని తీసేస్తే పొట్టి బురుజు, రెండు పెడితే పొడుగుది, ఒక్క అచ్చుతో మూడు ఊళ్లకు సరిపోతుంది. లోపల బోలుగా పోస్తే బరువు తగ్గుతుంది, పైన బొమ్మలు నిలబడేందుకు విడిగా తీసే చెక్క పలక పెట్టవచ్చు. తుపాకీ రంధ్రాలను అచ్చులోనే పెట్టొద్దు. అంత సన్నటి చోట ప్లాస్టర్ విరిగి అచ్చులోనే ఉండిపోతుంది. పోసిన మరుసటి రోజు, ముక్క ఇంకా కొంచెం తడిగా ఉన్నప్పుడు, దబ్బనంతో బయటి నుంచి లోపలికి తొలచాలి.